అరెట్సో గ్వీడో: బాలురకు స్వరమార్గము చూపిన గురువు

విద్య నేర్చినవారు లోకమున పెక్కుమంది కలరు. నేర్చిన విద్యను పరులకు బోధింపగలవారు వారిలో కొందరే. తాను చెంత లేకపోయినను శిష్యుడు తనంతట తాను ముందునకు సాగునట్లు బోధించువారు మిక్కిలి యరుదు. అట్టి యరుదైన గురువులలో నొకడు, సుమారు వేయి సంవత్సరముల క్రిందట ఇటలీ దేశమున జీవించిన గ్వీడో అను సన్యాసి. మన బాలబాలికలు హార్మోనియము చెంత నిలిచి డో, రే, మి, ఫా అని పాడునప్పుడెల్ల, తెలిసియో తెలియకయో, వారాతని పాఠమునే వల్లించుచున్నారు.

ఈతని చరిత్రను శ్రద్ధతో చదువుటకు నన్ను పురికొల్పిన సంగతి యొకటి కలదు. నేను శిక్షణ కళాశాల విడిచి యుద్యోగమున ప్రవేశించిన తొలి వత్సరములలో బాలురకు పాటలు నేర్పు పని నాకప్పగింపబడెను. నేను పాడుదును, వారు విని పాడుదురు. పాట చక్కగనే వచ్చుచుండెను గనుక నేను మంచి బోధకుడనని తలంచితిని. ఒక క్రిస్మసు పండుగకు ముందు నాకు జ్వరము తగిలి పది దినములు మంచము పట్టితిని. లేచి వచ్చి చూడగా, క్రొత్త కీర్తన నేను విడిచిన చరణముననే నిలిచియుండెను. పుస్తకము బాలుర చేతులలోనే యున్నది. స్వరములు దానిలో అచ్చుపడియే యున్నవి. వానిని చదువుట మాత్రము నేను వారికి నేర్పియుండలేదు. ఆ లోపము బాలురది కాదు, నాదే. గ్వీడో తన కాలమున సరిగా నీ లోపమునే చూచి, దానికి మందు కనుగొనెను.

గ్వీడో క్రీ. శ. 990 ప్రాంతమున జన్మించెను. యౌవనమున నాతడు పొంపోసా అను మఠమున నుండెను. ఈ మఠము ఇటలీకి ఈశాన్యభాగమున, ఫెరారా పట్టణమునకు తూర్పుగా, పో నది ఏడ్రియాటిక్ సముద్రమున కలియు పల్లపు నేలలలో నున్నది. అచ్చటి సన్యాసులు బెనెడిక్టు నియమము ననుసరించువారు. వారు పగలు ఏడు మారులు, రాత్రి యొకమారు ఆరాధనకు కూడుదురు. 150 కీర్తనలును వారమునకొకమారు పూర్తిగా పాడవలెను. ఇవిగాక పండుగలకును పరిశుద్ధుల దినములకును వేర్వేరు గీతములు వందలకొలదిగా కలవు.

ఇన్ని గీతములను బాలుడెట్లు నేర్చును? ఆ దినములలో గీతపు మాటలపై కొన్ని చిన్న గుర్తులు వ్రాయుచుండిరి. గొంతు పైకి పోవలెననియో, క్రిందికి దిగవలెననియో అవి సూచించును. మెట్లెక్కుమని చెప్పునే గాని, ఎన్ని మెట్లెక్కవలెనో అవి చెప్పవు. ముందే రాగము వచ్చినవానికి ఆ గుర్తులు జ్ఞాపకము చేయుటకు పనికివచ్చును. రానివానికి వానివలన ప్రయోజనము లేదు. కావున శిష్యుడు గురువు నోటి నుండి వినినదే పాట. గురువు తప్పిన శిష్యుడును తప్పును. ఇద్దరు గురువులు రెండు విధములుగా పాడిన నేది సరియో తేల్చుటకు సాధనము లేదు. పదేండ్లు కష్టపడినను గాయకుడు సంపూర్ణుడు కాకుండెననియు, తాను చూడని పాటను తనంతట తాను పాడలేకుండెననియు గ్వీడో విచారించెను. దేవుని ధ్యానమునకును గ్రంథపఠనమునకును చెందవలసిన కాలమంతయు ఇట్లు వల్లెవేయుటలో గడచిపోవుచున్నదని యాతని బాధ.

ఆ కాలమున ఉపాధ్యాయులు ఏకతంత్రి యను నొంటితీగ వాద్యమును ముందిడుకొని స్వరములు చూపుచుండిరి. తీగను కొలచి, ఒక్కొక్క స్థానమున నొక్కి, ఆ ధ్వనిని శిష్యునిచేత పలికింతురు. ఇది మొదటి పాఠమునకు మంచిదే యని గ్వీడో ఒప్పుకొనెను. అయితే ఎల్లప్పుడును దానినే పట్టుకొని వ్రేలాడు శిష్యుడు, దారి చూపువాని చేయి విడువలేని గ్రుడ్డివానివంటివాడని యాతని యభిప్రాయము. వెలుపలి సాధనము చెప్పిన స్వరము వెలుపలనే యుండిపోవును. స్వరము బాలుని హృదయమున నిలువవలెను. వ్రాతను చూచినంతనే అది లోపలి నుండి పలుకవలెను.

ఇందులకై యాతడు మైకేలు అను తోటి సన్యాసితో కలిసి యొక క్రొత్త గీతగ్రంథమును సిద్ధపరచెను. గీతలు గీచి వానిపై స్వరములుంచుట యాతనికి ముందే కొంత తెలిసియుండెను గాని, దానిని క్రమబద్ధముచేసి యందరకును పనికివచ్చు పద్ధతిగా నిలిపినది గ్వీడోయే. గీతలపైనను, గీతల నడుమనుగల ఖాళీలపైనను స్వరములు కూర్చుండును. ఒక స్వరము పాటయందెన్నిమారులు వచ్చినను ఒకే వరుసను వచ్చును. ఏ గీత ఏ స్వరమో తెలియుటకై యాతడు ఫా స్వరపు గీతను ఎఱ్ఱ రంగుతోను, డో స్వరపు గీతను పసుపు రంగుతోను గీయించెను. గీత మొదట స్వరాక్షరమును కూడ వ్రాయించెను. ఈ రెండు స్వరములకే రంగులేల? వీనికి అడుగుననే అర స్వరాంతరమున్నది గనుక. మెట్లన్నియు సమానమైన యెత్తుగా నుండవని, ఎచ్చట పొట్టిమెట్టున్నదో అచ్చట దీపము పెట్టినట్లు రంగు వేసెను.

ఇట్టి మేలును చూచి మఠవాసులు సంతోషింపవలసియుండెను. కాని జరిగినది వేరు. కొందరు పెద్ద గాయకులు పదేండ్ల శ్రమచేత సంపాదించిన గౌరవము నెల దినముల బాలునికి దక్కుటను సహింపలేకపోయిరి. మఠాధిపతి మనస్సును కూడ వారు విరిచిరి. గ్వీడో పొంపోసా విడిచిపోవలసివచ్చెను. మైకేలు అచ్చటనే యుండిపోయెను. కొంతకాలమునకు గ్వీడో ఈ మిత్రునకు వ్రాసిన జాబునుబట్టియే ఈ సంగతులు మనకు తెలియుచున్నవి. అందులో నాతడొక పూర్వకథను దృష్టాంతముగా చెప్పెను. పగులని గాజును కనిపెట్టిన శిల్పి యొకడు రోమను చక్రవర్తికి దానిని చూపెననియు, బహుమానమునకు బదులు మరణమునే పొందెననియు, ఆతనితో ఆ విద్యయు నశించెననియు ఆ కథ. అసూయ యొక్క మనుజునే గాక, ఆతనివలన లోకమునకు రావలసిన మేలును కూడ చంపునని చెప్పుటయే యాతని భావము.

1025 ప్రాంతమున గ్వీడో అరెట్సో పట్టణమునకు చేరెను. అచ్చటి బిషప్పగు థియోడాల్డు ఆతని నాదరించి, ప్రధాన దేవాలయమున పాడు బాలురకు శిక్షకునిగా నియమించెను. ఆ పట్టణపు పేరే నేటికిని గ్వీడో పేరునకు ముందు నిలిచియున్నది. తన పద్ధతిని నేర్చిన బాలురలో కొందరు, అంతకుముందు కంటితో చూడని, చెవితో వినని గీతములను నెల దినములలోపలనే తడబడక పాడిరనియు, చూచినవారు ఆశ్చర్యపడిరనియు ఆతడు వ్రాసెను. బిషప్పు కోరికపై 1026 ప్రాంతమున మైక్రోలోగస్ అను గ్రంథమును రచించి ఆయనకే యంకితమిచ్చెను. చిన్న ప్రసంగమని దాని యర్థము. 20 అధ్యాయములుగల ఈ గ్రంథము మధ్యయుగమున సంగీత విద్యార్థులందరును చదివిన పుస్తకములలో ముఖ్యమైనది.

ఈ గ్రంథమున గ్వీడో విపులముగా బోధించిన విషయములలో నొకటి స్వరవర్గముల విభేదము. అందు మొదటి వర్గమునకే డోరియను అని పేరు. దీనిని గూర్చి మన విద్యార్థులు కొంత తెలిసికొనుట మంచిది. ఏలయన, హార్మోనియము ముందు కూర్చున్నవారెవరైనను ఐదు నిమిషములలో దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును.

హార్మోనియమునందలి తెల్లమెట్లను మాత్రమే తీసికొనుడు. డో నుండి మొదలిడి పై డో వరకు వాయించిన మనకు పరిచితమైన ఆరోహణము వచ్చును. ఇప్పుడు అవే తెల్లమెట్లను రే నుండి మొదలిడి పై రే వరకు వాయింపుడు. స్వరములు మారలేదు, ఒక్క నల్లమెట్టును కలియలేదు. అయినను చెవికి వేరొక లోకము తోచును. కారణమేమనగా, ఇల్లు మారినది. మొదట డో ఇల్లుగా నుండెను. ఇప్పుడు రే ఇల్లైనది. ఇంటినుండి చూచినప్పుడు పొట్టిమెట్లు వేర్వేరు తావులలో కనబడును. డో నుండి పోయిన మూడవ, నాల్గవ స్వరముల నడుమను, ఏడవ, ఎనిమిదవ స్వరముల నడుమను అర స్వరాంతరములుండును. రే నుండి పోయిన రెండవ, మూడవ స్వరముల నడుమను, ఆరవ, ఏడవ స్వరముల నడుమను అవి వచ్చును. ఇదియే డోరియను వర్గము.

మన సంగీతము నేర్చినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. గ్రహభేదమని మనవారు చెప్పునది ఇదియే. ధీరశంకరాభరణ స్వరములలో రిషభమును షడ్జముగా భావించి పాడిన ఖరహరప్రియ స్వరములు వచ్చును. షడ్జము, చతుశ్శ్రుతి రిషభము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, చతుశ్శ్రుతి ధైవతము, కైశికి నిషాదము: ఇది 22వ మేళకర్తయగు ఖరహరప్రియ, డోరియను వర్గపు మెట్లును ఇవియే. హిందూస్థానీ పద్ధతియందు కాఫీ థాటునకును ఇవే స్వరములు. త్యాగరాజు తెలుగున రచించిన చక్కని రాజమార్గము అను కృతిని వినియున్నవారు డోరియను మెట్లను వినియే యున్నారు. అయితే మెట్లు సమానమైనంతమాత్రమున సంగీతము సమానము కాదు. గమకములు, సంచారములు, జీవస్వరములు రాగమునకు ప్రాణము. రోమను సంఘపు గీతము వేరొక విధముగా నడచును. ఒకే నేలపై రెండు జాతులవారు రెండు విధముల యిండ్లు కట్టుకొనినట్లు దీనిని గ్రహింపవలెను.

డోరియను మెట్లకు రెండు గుణములు కలవు. మొదటిది సమత. మెట్ల కొలతలను వరుసగా వ్రాసిన పూర్తి, అర, పూర్తి, పూర్తి, పూర్తి, అర, పూర్తి అని వచ్చును. ఈ వరుసను చివరినుండి చదివినను అట్లే యుండును. తెల్లమెట్లనుండి పుట్టు ఏడు వర్గములలో ఈ గుణము దీనికొక్కదానికే కలదు. ఎక్కునప్పుడెట్టి దారియో, దిగునప్పుడును అట్టి దారియే.

రెండవది ఆరవ స్వరము. విషాదమునకు తగినదని పలువురు తలంచు మైనరు వర్గమును లా నుండి లా వరకు తెల్లమెట్లపై వాయింపవచ్చును. అది మన నఠభైరవి మేళము. ఐదవ స్వరమువరకు డోరియనును అదియు ఒక్కటే. ఆరవదానియందే భేదము. నఠభైరవి ధైవతము తగ్గినది. డోరియను ధైవతము హెచ్చినది. ఈ యొక్క స్వరము హెచ్చుటచేత డోరియను గీతము గంభీరముగా నుండునే గాని క్రుంగిపోదు. ఈస్టరు దినమున పునరుత్థానమును గూర్చి పాడు విక్టిమే పాస్కాలి అను ప్రాచీన గీతము డోరియను వర్గములోనిదే. గ్వీడో కాలమువాడే యగు వీపో అను పురోహితుడు దానికి కర్తయని చెప్పుదురు. మరణమును జయించిన సంతోషమును ఐదు వందల యేండ్ల తరువాత లూథరు కూడ ఈ స్వరములలోనే పాడించెను. 1524లో వెలువడిన ఆతని ఈస్టరు కీర్తన యొక్క రాగము ఈ గీతమునకు బంధువు. కాబట్టి గాంధారము తగ్గిన పాటలన్నియు దుఃఖపు పాటలని విద్యార్థులు పొరబడరాదు.

ఒక్క జాగ్రత్త కలదు. ఫా నుండి టీ వరకు గల దూరము కఠోరమగుటచేత, గాయకులు కొన్ని తావులలో టీ స్వరమును తగ్గించి పాడుచుండిరి. అట్లు తగ్గించిన డోరియను గీతము నఠభైరవి వైపు మొగ్గును. గ్వీడో ఈ రెండు రూపములను వేర్వేరుగా గుర్తించెను. తగ్గిన స్వరమును గుండ్రని అక్షరముతోను, తగ్గని స్వరమును చతురస్రపు అక్షరముతోను వ్రాయుట అప్పటి యలవాటు. నేటి పుస్తకములలోని ఫ్లాటు గుర్తును, నేచురలు గుర్తును ఈ రెండక్షరముల నుండి పుట్టినవే.

డోరియను అను పేరు గ్రీకులది. డోరియనులు ప్రాచీన గ్రీసు దేశపు తెగలలో నొకరు. ధైర్యమును పెంచు సంగీతమని ప్లేటో తన గ్రంథమున డోరియను వర్గమును మెచ్చుకొనెను. అయితే గ్రీకుల డోరియను తెల్లమెట్లపై మి నుండి మి వరకు నడచునది. మన తోడి మేళమువంటిది. తొమ్మిదవ శతాబ్దపు పండితులు పాత గ్రీకు పేర్లను దేవాలయ గీతములకు తగిలించునప్పుడు పేర్లు తారుమారయ్యెను. రే వర్గమునకు డోరియనను పేరు స్థిరపడిపోయెను. పేరు పొరపాటున వచ్చినను వస్తువు నిజమైనదే. గ్వీడో మాత్రము ఈ పేర్లకంటె, మొదటిది, రెండవది యను సంఖ్యలకే ప్రాధాన్యమిచ్చెను.

పాట ఏ వర్గమునకు చెందినదో కనుగొనుటెట్లు? గ్వీడో బోధించిన యుపాయము సులభము. పాట ఏ స్వరమున ముగియునో చూడవలెను. మన భరతుడు న్యాసమని చెప్పిన స్వరమును ఇట్టిదే. పాట మొదలైనప్పుడు తరువాత నేమి వచ్చునో ఎవరును చెప్పజాలరు; ముగిసినప్పుడు గడచినదంతయు దేనికై వచ్చినదో తెలియును. రే, మి, ఫా, సో అను నాలుగు ముగింపు స్వరములు. ఒక్కొక్కదానికి పైకి విస్తరించు వర్గమొకటి, ఇంటికి క్రిందను మీదను సంచరించు వర్గమొకటి. వెరసి 8 వర్గములు. రే యందు ముగిసి పైకి విస్తరించునది డోరియను. రే యందే ముగిసి క్రిందికి కూడ సంచరించునది ఉపడోరియను.

ఈ బోధకుని కీర్తి రోమునకు ప్రాకెను. 1028 ప్రాంతమున పోపు పందొమ్మిదవ జాను ముగ్గురు దూతలను పంపి ఆతనిని పిలిపించెను. అరెట్సోనుండి ఒక మఠాధిపతియు, దేవాలయపు పెద్ద యొకరును ఆతని వెంట వెళ్లిరి. పోపు గ్వీడో గీతగ్రంథమును చేతబట్టి పుటలు త్రిప్పి, నియమములను మరల మరల చదివి, తానెన్నడును వినని చరణమొకదానిని తానే పాడువరకు స్థానము విడిచి లేవలేదు. ఇతరులనుగూర్చి చెప్పగా నమ్ముటకు కష్టమైన సంగతి తన గొంతుననే నిజమగుటచేత ఆయన మిక్కిలి సంతసించెను. సంఘమంతటికిని పెద్దయైనవాడు బాలునివలె కూర్చుండి పాఠము నేర్చుట గురువునకును గౌరవమే, శిష్యునకును గౌరవమే.

రోములో గ్వీడో చిరకాలము నిలువలేకపోయెను. వేసవి వేడియు, చిత్తడి నేలల గాలియు ఆతని దేహమునకు పడలేదు. జబ్బుపడి, చలికాలమున మరల వచ్చి బోధింతునని మాటయిచ్చి బయలుదేరెను. అప్పుడే యాతడు పొంపోసా మఠాధిపతిని దర్శించెను. పూర్వము శత్రువుల మాట విని ఆతనిని దూరము చేసిన ఆ పెద్ద, ఇప్పుడు గీతగ్రంథమును తెరచి చూచి తన పొరపాటును ఒప్పుకొని పశ్చాత్తప్తుడయ్యెను. మరల పొంపోసాకు రమ్మని బ్రతిమాలెను. గ్వీడో పాత గాయమును రేపలేదు. మఠవాసమే సన్యాసికి తగినదని అంగీకరించెను. జయించినవాడు ఓడినవానిని ఎట్లు చూడవలెనో ఈ ఘట్టము మనకు నేర్పుచున్నది.

ఈ ప్రయాణమునకు పిమ్మటనే యాతడు మైకేలునకు పైన చెప్పిన జాబు వ్రాసెను. తన్ను వెళ్లగొట్టిన చోటనే నిలిచియున్న మిత్రునికి, తన విద్యయొక్క మర్మమును దాచక అందులో వెల్లడించెను. స్వరమును జ్ఞాపకముంచుకొనవలెనన్న, ఆ స్వరముతో మొదలగు పరిచితమైన పాటను మనస్సునకు తెచ్చుకొనవలెను. ఇందులకై బాప్తిస్మమిచ్చు యోహానును గూర్చి అంతకు పూర్వమునుండి వాడుకలోనున్న లాటిను కీర్తన నాతడు ఎన్నుకొనెను. దాని రాగమున ఆరు ఖండములు వరుసగా ఒక్కొక్క మెట్టు పైనుండి మొదలగును. ఆ ఖండముల తొలి యక్షరములే ఉత్, రే, మి, ఫా, సోల్, లా. బాలుడు కీర్తన నేర్చిన చాలును; ఏ ఖండపు మొదలును తలచుకొనినను ఆ స్వరము గొంతునకు వచ్చును. మి, ఫా అను పేర్లు పలికినంతనే పొట్టిమెట్టు ఎచ్చటనున్నదో తెలియును.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ కీర్తన ఉత్ నుండి మొదలైనను ఉత్ యందు ముగియదు. రే యందు ముగియును. అనగా అది రే ఇల్లుగా గల ఉపడోరియను గీతము. లోకమునకు స్వరనామముల నిచ్చిన పాటయే మనకు డోరియను కుటుంబపు పాఠమును కూడ చెప్పుచున్నది. మొదలిడిన స్వరము వేరు, చేరవలసిన యిల్లు వేరు.

తన పద్ధతిచేత పదేండ్ల పని ఒక యేటిలో, ఎక్కువైన రెండేండ్లలో ముగియునని గ్వీడో వ్రాసెను. ఆతని తరువాత ఆ విద్య నిలిచిపోలేదు. చేతివ్రేళ్ల కణుపులపై స్వరములను గుర్తించు యుపాయము గ్వీడో హస్తమను పేర వ్యాపించెను. మిగిలియున్న ఆతని గ్రంథములలో అది లేకున్నను, ఆతనిపై గల గౌరవముచేత దానికాపేరు వచ్చెను. అదే కీర్తనలోని యోహాను పేరునుండి సి యను ఏడవ పేరు పుట్టెను. 17వ శతాబ్దమున పలుకుటకు కష్టమైన ఉత్ స్థానమున డో ప్రవేశించెను. ఇంగ్లాండున నారిచ్ పట్టణమున సారా గ్లోవర్ అను ఉపాధ్యాయిని బీదపిల్లలకు పాటలు నేర్పుటకై ఈ పేర్లను సంస్కరించి 1835లో పుస్తకము ప్రకటించెను. జాన్ కర్వెన్ అను బోధకుడు దానిని పెంపొందించి టానిక్ సోల్ఫా యను పేర నలుదెసల వ్యాపింపజేసెను. మిషనరీలవలన అది మన దేశపు పాఠశాలలకును దేవాలయములకును చేరెను. ఆ పద్ధతియందు డోరియను వర్గమును రే వర్గమనియే చెప్పుదురు. అరెట్సో పట్టణమున 1882లో ప్రతిష్ఠింపబడిన గ్వీడో విగ్రహము నేటికిని నిలిచియున్నది. కాని ఆతని నిజమైన స్మారకచిహ్నము పాటపుస్తకమును తెరచి, ఎవరి సహాయమును లేక, మొదటి స్వరమును పలుకు బాలుని గొంతు.

ప్రియ విద్యార్థులారా, గ్వీడో జీవితమున మనము నేర్వవలసినది సంగీతమాత్రమే కాదు. తెలిసినదానిని దాచుకొనిన గౌరవము కొలదికాలముండును. పంచిపెట్టిన గౌరవము వేయేండ్లుండును. పొంపోసాలో ఆతనిని ద్వేషించిన గాయకుల పేర్లు నేడెవరికిని తెలియవు. మా వంటి ఉపాధ్యాయులకును ఇందులో పాఠమున్నది. శిష్యుడు మా చేయి విడిచి నడచినప్పుడే మా పని నెరవేరినట్లు.

జ్వరము తగ్గి నేను తిరిగివచ్చిన ఆ వారముననే బాలురచేత మొదటిమారు పుస్తకము చూచి స్వరములు పలికించితిని. ఆ యేడు పండుగకు క్రొత్త కీర్తన కుదరలేదు. పాత పాటయే పాడితిమి. మరుసటి యేడు ఆ బాలురు ఒక క్రొత్త కీర్తనను నేను నోరు విప్పకముందే చదివి పాడిరి. నడుమ నొకచోట తప్పిరి. తామే ఆగి, వెనుకకు పోయి, పొట్టిమెట్టును వెదకి సరిదిద్దుకొనిరి. నేను ప్రక్కన నిలిచి వినుచుంటిని. నాకు చెప్పవలసినదేమియు మిగులలేదు.